కూలీల ప్రేమకథలో పాట ఖర్చు ఎవరిది?

నమస్కారం. ఒక సీను గురించి మాట్లాడాలి. హీరో కొబ్బరి వలుపు కూలీ. హీరోయిన్ ఊడ్పులకు వెళ్లే అమ్మాయి. ఆమె గట్టు మీద కనపడుతుంది, ఇతను చేతిలో కాయ పక్కన పడేసి లేచిపోతాడు. వెంటనే పాట. కాలువ, పడవ, కొబ్బరి తోట, మళ్లీ కాలువ. పాట అయ్యాక చూస్తే కాయలన్నీ వలిచేసి రాశి పోసి ఉంటాయి. ఎవరు వలిచారండీ అవి?

కూలీల ప్రేమ అనగానే డబ్బున్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య తేడా ఒక్కటే అడ్డంకి అనుకుంటారు. ఇద్దరూ కూలీలే అయితే కథలో ఇక గొడవేముంటుందని కంగారుపడి, అమ్మాయిని ఆసామి కూతుర్ని చేస్తారు. లేదంటే బుల్లెట్ మీద తిరిగే ఒక విలన్ని దింపుతారు. అక్కర్లేదు. గొడవ పనిలోనే ఉంది. పని చూపిస్తే చాలు, గొడవ దానంతటదే వస్తుంది.

కోనసీమ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నేరుగా అంబాజీపేట పక్కన ఏదో ఒక తోటలో, గునపం దగ్గరికి వెళ్దాం.

(తెర మీద: గునపం మొన, బాగా దగ్గరగా)

మొన పైకి ఉండేలా గునపాన్ని నేలలో పాతుతారు. కాయను రెండు చేతులా పట్టుకుని మొన మీదకి దించి, పక్కకి మెలితిప్పితే డొక్క ఒక పాయ విడిపోతుంది. కాయను కాస్త తిప్పి మళ్లీ ఒక పోటు. మూడు నాలుగు పోట్లకి లోపలి కాయ చేతిలోకొస్తుంది. మొన కొంచెం ఎక్కువ దిగిందా, చిప్ప పగిలి నీళ్లు కారతాయి. కాయకి బదులు చెయ్యి దిగిందా, ఆ మాట వద్దులెండి. మన హీరో మాత్రం అమ్మాయి వంక చూస్తూ వలుస్తాడు! అలా చూస్తే పోయేది మనసు కాదు, వేలు.

సరే, లెక్కలోకి వద్దాం. వలుపుకి కూలి కాయల లెక్కన ఇస్తారు. నిమిషానికి నాలుగు కాయలు అనుకుందాం, చేయి తిరిగినవాళ్లకి అదేమంత వేగం కాదు. నాలుగున్నర నిమిషాల పాట అంటే 18 కాయలు. ఇక్కడినుంచి ఈ వీడియోలో ప్రేమని కాయల్లోనే కొలుద్దాం. 'అన్నం తిన్నావా' అని అడిగి జవాబు వినడానికి రెండు కాయలు. అలక తీర్చాలంటే 40, అది కూడా ఆమె తొందరగా కరిగితే.

ఇక్కడిదాకా నష్టం అతని ఒక్కడిదే. అతని కాయలు, అతని ఇష్టం. ఇప్పుడు ఆమె వైపు చూడండి.

ఊడ్పుల ముఠా ఎకరానికి ఇంత అని గుత్తకి మాట్లాడుకుంటుంది. వచ్చిన డబ్బు అందరూ సమానంగా పంచుకుంటారు. 12 మంది ఉన్నారనుకోండి. వరసగా వంగి, నారు పరకలు రెండు మూడు కలిపి బురదలో గుచ్చుతూ, వెనక్కి అడుగేస్తారు. ముందుకి నడిస్తే నాటిందంతా కాళ్ల కింద పడుతుంది కాబట్టి. అందరూ ఒకే వేగంతో వెనక్కి జరగాలి. ఒకమ్మాయి ఆగిపోతే ఆమె వెనక ఖాళీ మిగిలిపోతుంది. అటూ ఇటూ ఉన్నవాళ్లు తమ వరసలు చూసుకుంటూనే చేతులు చాచి అది కూడా నాటాలి. ఆమె కబుర్ల ఖర్చు మిగతా 11 మంది నడుముల మీద పడుతుంది.

ముఠాలో పెద్దావిడ 'ఏమే, కబుర్లు ఇంటికాడ చెప్పుకో' అని అరిచేది అందుకే. మన సినిమాల్లో ఆవిడది కామెడీ వేషం, లేకపోతే ప్రేమికుల్ని విడదీసే గయ్యాళి వేషం. పాపం, ఆవిడ లెక్క చెబుతోందంతే!

ఒకే పాట. అబ్బాయికి 18 కాయలు, తన జేబులోంచి. అమ్మాయికి పదకొండు మంది జేబుల్లోంచి. అందుకని అతను పిలిచినా ఆమె తలెత్తదు. అతనికేమో ఇష్టం లేదేమోనని టెన్షన్. ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే కులంలో, ఒకే పేదరికంలో ఉన్నా అతని తీరిక వేరు, ఆమె తీరిక వేరు. ఇంత మంచి అపార్థం ఉండగా విలన్ ఎందుకు, మధ్యలో ఉత్తరం మారిపోవడం ఎందుకు?

అన్నట్టు, ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు. డెల్టాలో ఎవర్నడిగినా చెబుతారు. సినిమాలో మాత్రం కొత్త లంగా ఓణీ, బుగ్గ మీద కొలిచి పెట్టినట్టు రెండు బురద చుక్కలు. ఆ చొక్కా ఎవరిది, నాన్నదా, అన్నదా, చివరికొచ్చేసరికి అతనిదా? ఒక్క డైలాగ్ లేకుండా సగం కథ నడపొచ్చు దాంతో.

ఈ లెక్క కుదిరిన సినిమా మనకి ఎప్పుడో వచ్చింది. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'మూగమనసులు'. అక్కినేని గోదారి మీద పడవ నడిపే గోపి, సావిత్రి అతను గౌరవంగా చూసుకునే అమ్మాయిగారు. నిజమే, అందులోనూ అమ్మాయి డబ్బున్న ఇంటిదే, జన్మల గొడవ కూడా ఉంది. నేను చెప్పేది పడవ గురించి. ఆమె కాలేజీకి వెళ్లాలంటే అతని పడవెక్కాలి. అతను తెడ్డు ఆపనక్కర్లేదు, ఆమె దిగనక్కర్లేదు. పనీ మాటా ఒకే సమయంలో జరిగిపోతాయి. ఖర్చు సున్నా కాయలు! ఇదే కథని ఆదుర్తే 1967లో హిందీలో 'మిలన్'గా తీశారు. అక్కడా పడవ ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు చాలామంది పడవని పాటకి వాడుకున్నారు, దాని వెనకున్న లెక్క వదిలేశారు.

మరి వలుపు కుర్రాడికీ ఊడ్పుల పిల్లకీ అలాంటి పడవ ఎక్కడ దొరుకుతుంది? దీనికి క్యాలెండర్ చూడాలి. కొబ్బరికి సీజన్ లేదు. ఈ తోటలో దింపు, అంటే చెట్ల మీంచి కాయలు దించడం, అయిపోతే ఇంకో తోట. వరికి మాత్రం రెండు ఊపులు, సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ). అది కూడా ధవళేశ్వరం నుంచి కాలువలకి నీళ్లు ఎప్పుడొదిలితే అప్పుడు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ ఈ డెల్టాలో కూలి రోజులకి ముహూర్తం పెట్టేది కాలువే. ఊడ్పులప్పుడు ఆమెకి ఊపిరాడదు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆమెకి పని ఉండదు, అతనికి మాత్రం ఉంటుంది.

వేసవిలో ఊరి కూలీలకి దొరికేది ఉపాధి హామీ పని. కాలువ పూడిక తీయడమో, చెరువు తవ్వడమో. ఆడా మగా ఒకేచోట పని. అతను పలుగేస్తే ఆమె మట్టి తట్ట ఎత్తుతుంది. హాజరు కోసం మేట్, అంటే అక్కడ పని చూసుకునేవాడు, రోజుకి రెండుసార్లు ఫోన్లో ఫోటో తీస్తాడు. ఇద్దరూ కలిసి దిగిన మొదటి ఫోటో అదే అవుతుంది, అది కూడా ప్రభుత్వం రికార్డులో! ఇంతకంటే మంచి ఇంటర్వెల్ ఎవరైనా రాస్తే చెప్పండి. కాకపోతే వలుపులో చేయి తిరిగినవాడికి ఉపాధి పని గిట్టదు. తోటలో ఇంకా ఎక్కువ వస్తుంది. అలాంటివాడు గునపం వదిలేసి మట్టి పనికి వచ్చాడంటే రోజుకి కొన్ని వందల కాయలు పోగొట్టుకున్నట్టు. మోకాళ్ల మీద కూర్చుని గులాబీ ఇవ్వక్కర్లేదు. ఆమెకి ఆ లెక్క తెలుసు. పెద్దావిడకి ఇంకా బాగా తెలుసు.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. సెకండాఫ్‌కి మూడు సంగతులున్నాయి. కోత యంత్రం వచ్చి ముఠాకి కోతలు తగ్గిపోయాయి. నారు పొయ్యకుండా విత్తనం వెదజల్లే రైతులున్నచోట ఊడ్పులూ పోయాయి. ఇక అడ్వాన్సు, అంటే ముందే డబ్బు తీసుకున్నవాడు పెళ్లిచూపులకి కూడా ఆసామినో మేస్త్రినో అడిగి వెళ్లాలి. దీనిమీద విడిగా ఒక వీడియో చేయాలి, ఇప్పుడు కుదరదు.

అన్నిటికంటే పెద్దది గల్ఫ్. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఊడ్పులు తగ్గితే మన హీరోయిన్ వెళ్లేది అక్కడికే. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఫోన్ ఎప్పుడు చేయాలన్నది ఆమె చేతిలో లేదు, ఆ ఇంటివాళ్ల చేతిలో ఉంది. ఇతనికి ఇబ్బంది లేదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వలుస్తూనే మాట్లాడతాడు. ముందు లెక్క తిరగబడింది చూశారా? ఇప్పుడు అతనికి సున్నా కాయలు, ఖర్చంతా ఆమెదే. క్లైమాక్స్ విమానాశ్రయంలో పరుగులతో తీయకండి, దయచేసి. అతని దగ్గర టికెట్ డబ్బులు లేవు, హైదరాబాద్ బస్సు రాత్రికి గానీ లేదు.

మీ ఊళ్లో రొయ్యల చెరువుల దగ్గరో, ఇటుక బట్టీల్లోనో, చేపల రేవులోనో పని చేసేవాళ్లుంటే, అక్కడ నాలుగున్నర నిమిషాలు ఆగితే ఎవరి జేబు చిరుగుతుందో కింద రాయండి. రొయ్యల పట్టుబడి రాత్రిపూట ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లు తప్పకుండా రాయండి, వచ్చే వీడియో దానిమీదే. ఉంటానండి.