ఎదురుగా వచ్చి మాట్లాడండి

శ్రోతలందరికీ నమస్కారం.

వినికిడి తగ్గినవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది. "మాట వినబడుతోంది, కాని ఏమన్నారో తెలియడం లేదు" అంటారు. ఇంట్లోవాళ్లు ఈ మాటను చాలాకాలం నమ్మరు. వినబడుతోందని తామే చెబుతున్నారు కదా, మరి తెలియకపోవడమేమిటి, మనసు పెట్టి వినడం లేదంతే, అనుకుంటారు. మా నాన్నగారి విషయంలో నేనూ అలాగే అనుకున్నాను.

ఒకరోజు నేను పక్క గదిలో బీరువా వెతుకుతూ, "నాన్నగారూ, ఆ చెక్కు ఎక్కడ పెట్టారు?" అని అడిగాను. ఆయన వెంటనే, "చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి కదా" అన్నారు. ఇంట్లో అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు. అయితే ఆ తరువాత చాలా రోజులపాటు ఎవరేమడిగినా తల ఊపి ఊరుకునేవారు. ఆ నవ్వు ఆయనను ఎంత నొప్పించిందో నాకు ఆలస్యంగా తెలిసింది. ఆయన అశ్రద్ధగా వినలేదని, ఎంతో శ్రద్ధగా విని, చెవికి అందిన కాస్త ధ్వనితో మాటను పూర్తి చేసుకున్నారని మరింత ఆలస్యంగా తెలిసింది.

చెక్కు, చెప్పు. ఈ రెండు మాటలను ఒకసారి మీలో మీరు అనుకోండి. రెండింటిలోనూ అచ్చులు అవే, మొదటి హల్లు అదే. తేడా అంతా మధ్యనున్న హల్లులో మాత్రమే ఉంది. మన మాటకు బిగ్గరతనాన్ని ఇచ్చేవి అచ్చులు, అర్థాన్ని విడదీసి చూపేవి చాలావరకు హల్లులు. అందులోనూ క, చ, ట, త, ప అనే పరుషాలూ, శ, ష, స అనే ఊష్మాలూ చాలా బలహీనమైన ధ్వనులు. వాటిని గుర్తుపట్టే ఆనవాళ్లు ఎక్కువగా పై స్థాయిలో, సన్నని ధ్వనిలో ఉంటాయి. లోపలి చెవిలో నత్తగుల్లలాగా చుట్టుకుని ఉన్న కాక్లియాలో ధ్వనిని పట్టుకునే సూక్ష్మకణాలు సుమారు 15,000 ఉంటాయి. సన్నని ధ్వనులను పట్టే కణాలు దాని మొదట్లోనే ఉంటాయి, వయసు వల్ల గాని పెద్ద శబ్దాల వల్ల గాని సాధారణంగా ముందు దెబ్బతినేవి కూడా అవే. మనిషిలో అవి ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. అందువల్ల అచ్చులు మిగులుతాయి, హల్లులు జారిపోతాయి. మాట వినబడుతుంది, ఏమన్నారో తెలియదు.

అరిచి చెబితే సరిపోతుందని మనకు తోస్తుంది. నేనూ అరిచాను. అరిచినప్పుడు అచ్చు పెద్దదవుతుంది గాని హల్లు అంతగా పెరగదు. పైగా ఇలా దెబ్బతిన్న చెవికి చిన్న ధ్వని అందకపోయినా, కాస్త పెద్ద ధ్వని భరించరానిదిగా తోస్తుంది. "కొంచెం గట్టిగా చెప్పు" అన్న మనిషే మరుక్షణంలో "ఎందుకలా అరుస్తావు?" అంటే అది చాదస్తం కాదు, ఆ చెవి పరిస్థితే అది.

మరి ఏం చేయాలి? ఎదురుగా వచ్చి మాట్లాడాలి. క కంఠ్యమని, ప ఓష్ఠ్యమని మనం బడిలో చదువుకున్నాం. పెదవులు రెండూ కలవనిదే ప పలకదు. క పలికేటప్పుడు పెదవులు విడిగానే ఉంటాయి. ఆరోజు నేను నాన్నగారి ముందు నిలబడి అడిగి ఉంటే, నా పెదవులు కలవలేదని ఆయన కళ్లు ఆయనకు చెప్పేవి. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయన్న మాట నిజమే, అయితే ఆ మూడింటి మధ్య తేడాను తెలిపే కింది స్థాయి ధ్వని వారి చెవికి చాలావరకు అందుతూనే ఉంటుంది. చెవి వదిలేసినది కన్ను అందుకుంటుంది, కన్ను వదిలేసినది చెవి అందుకుంటుంది. ఈ ఏర్పాటును తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది.

కాబట్టి ముందు పేరుతోనో వరుసతోనో పిలిచి, వారు మీ వైపు తిరిగాక మాట్లాడండి. వెలుగు మీ ముఖం మీద పడాలి గాని వీపు మీద కాదు. టీవీ ఆపండి. రెండోసారీ అర్థం కాకపోతే అదే మాటను మళ్లీ మళ్లీ అనకుండా మరో మాటతో చెప్పండి: "చెక్కు" అందకపోతే "బ్యాంకులో వేయవలసిన కాగితం" అనండి. వారు ఏమిటని అడిగినప్పుడు "ఏమీ లేదులే" అని మాత్రం అనకండి. వినికిడి తగ్గిన మనిషిని సంభాషణలోంచి బయటికి పంపేసే మాట అది.

వినికిడి యంత్రం గురించి ఒక్క సంగతి. పరీక్ష చేయించి, ఏ స్థాయి ధ్వని ఎంత తగ్గిందో చూసి, దానికి తగినట్టు అమర్చిన యంత్రం కూడా మొదటి రోజున హాయిగా ఉండదు. కుళాయి నీరు, కాగితం చప్పుడు అన్నీ మీద పడ్డట్టుంటాయి. మెదడు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. నిశ్శబ్దమైన గదిలో మొదలుపెట్టి రోజూ పెట్టుకోవాలి, సొరుగులో దాచకూడదు.

ఇంకా బాగా వినిపిస్తున్నవారికి: గులిమి చెవి తనంతట తానే బయటికి పంపుకుంటుంది, పుల్లలు పెడితే అది లోపలికే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు, 90 డెసిబెళ్లయితే 4 గంటలే. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే జలుబేలే అని ఆగకండి, అదే రోజు చెవి వైద్యుల దగ్గరికి వెళ్లండి. మళ్లీ చెబుతున్నాను, అదే రోజు. చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.

నాన్నగారు ఇప్పుడు యంత్రం పెట్టుకుంటున్నారు. అయినా నేను మరచిపోయి పక్క గదిలోంచి ఏదైనా అడిగితే, ఆయన తల ఊపి ఊరుకోవడం లేదు. "ఇటు వచ్చి చెప్పు" అంటారు. నేను లేచి వెళతాను.