స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ అదరకుండా పేలాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈరోజు స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిళ్ల గురించి మీ సందేహాలు అడగొచ్చు. వీటిని విప్పి బాగుచేయడంలో, ట్యూన్ చేయడంలో చాలా అనుభవం ఉన్న నిపుణులు మనతో ఉన్నారు. నమస్కారం సార్.

నిపుణుడు: నమస్కారమండీ. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట చెప్పేస్తాను. పెల్లెట్, అంటే ఇందులో వేసే చిన్న గుండు, లేకుండా ట్రిగ్గర్ నొక్కకండి. ఆయిల్ పొయ్యకండి. నా దగ్గరికి వచ్చే రైఫిళ్లలో చాలావరకు ఈ రెండింటి వల్లే పాడైనవి.

యాంకర్: మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్: హలో సార్, కొత్తగా కొన్నానండీ, బారెల్ వంచి లోడ్ చేసే రకం. గట్టిగా భుజానికి నొక్కి పట్టుకుని, కదలకుండా కొడుతున్నా. అయినా ఒకటి పైకి, ఒకటి పక్కకి పోతోంది. గన్‌లోనే ఏదో లోపం ఉందంటారా?

నిపుణుడు: లోపం గన్‌లో ఉందో లేదో తర్వాత చూద్దాం. గట్టిగా పట్టుకున్నానన్నారు చూడండి, ముందు అది మానేయండి. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగ్ తోసిన బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, దానికి ఎదురుగా రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివర గాలిని నొక్కి ఆగేసరికి రైఫిల్ మళ్లీ ముందుకు లాగుతుంది. ఇదంతా మొదలయ్యేటప్పటికి పెల్లెట్ ఇంకా బారెల్ దాటదు. మామూలు తుపాకీ వెనక్కే తంతుంది, ఇది రెండువైపులా తంతుంది. మీరు బిగించి పట్టుకుంటే ఒక్కోసారి ఒక్కోలా బిగిస్తారు, అది ఒక్కోసారి ఒక్కోలా కదులుతుంది.

కాలర్: మరి ఎలా పట్టుకోవాలండీ?

నిపుణుడు: ఎడమ అరచెయ్యి తెరిచి, దాని మీద రైఫిల్ ఊరికే ఆన్చండి. వేళ్లు ముడవకూడదు. భుజానికి తగిలీ తగలనట్టు ఉంచండి. కుడిచేత్తో కూడా పిసకొద్దు. పేలాక కూడా గురి మీంచి కన్ను తియ్యకుండా ఓ క్షణం అలాగే ఉండండి. అరచెయ్యి ప్రతిసారీ ఒకే చోట పెట్టండి. ట్రిగ్గర్ గార్డుకి దగ్గరగా మొదలుపెట్టి, కొంచెం కొంచెం ముందుకు జరుపుతూ ఎక్కడ గుంపుగా పడుతున్నాయో చూసుకోండి. అదే దాని చోటు.

కాలర్: ఇసుక సంచి మీద పెట్టి కొడితే?

నిపుణుడు: సంచి మీద మీ చెయ్యి, చేతి మీద రైఫిల్. నేరుగా సంచి మీద పెడితే ఎగిరిపడుతుంది. ఇంకో సంగతి, కొత్త రైఫిల్ కుదురుకోవడానికి కొన్ని వందల పెల్లెట్లు పడుతుంది. అంతవరకు విప్పకండి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్. హలో?

కాలర్: హలో, నమస్తే సార్. నా సంగతి కొంచెం పెద్దదండీ, మీరు ఓపిగ్గా వినాలి. నాది పాత రైఫిల్. మా నాన్నగారి నుంచి వచ్చింది. మొదట్లో బాగానే ఉండేది. ఈమధ్య కొట్టినప్పుడల్లా లోపల టంగ్‌మని తీగ మోగినట్టు మోత, బుగ్గకి తగిలేలా అదురు. ఎవరో ఆయిల్ వెయ్యమన్నారు. వేశాను. వేశాక ఒకసారి పెద్ద చప్పుడయింది, పొగ వచ్చింది, వాసన కూడా. పవర్ పెరిగిందనుకున్నాను. ఇప్పుడేమో పెల్లెట్ మెల్లగా పోతోంది. మోత మాత్రం అలాగే ఉంది. ఇంకొంచెం ఆయిల్...

నిపుణుడు: వద్దు వద్దు. ఆగండి. ఏ ఆయిల్, ఎక్కడ వేశారు?

కాలర్: కుట్టుమిషన్ ఆయిలండీ. గాలి వచ్చే రంధ్రం ఉంటుంది కదా, బారెల్ వంచితే కనపడేది, అందులో నాలుగైదు చుక్కలు. ఇంకోసారి కూడా వేశాననుకోండి.

నిపుణుడు: అదేనండీ అసలు జబ్బు. పిస్టన్ గాలిని ఒక్కసారిగా నొక్కితే ఆ గాలి విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ ఆయిల్ ఉంటే అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్‌లో జరిగేది ఇదే. మీరు విన్నది పేలుడు. ఆ పేలుడు పిస్టన్‌ని వెనక్కి కొడుతుంది, పిస్టన్ ముందు గాలి పోకుండా ఆపే సీల్ కాలుతుంది, స్ప్రింగ్ విరగొచ్చు. పవర్ తగ్గిందంటున్నారు కాబట్టి సీల్ దెబ్బతిని ఉండొచ్చు. ఇంతకీ మీదాంట్లో తోలు సీలా, ప్లాస్టిక్ సీలా?

కాలర్: పాతది కదండీ, తోలే అనుకుంటా.

నిపుణుడు: తోలు ఎండిపోతే పట్టు వదిలేస్తుంది కాబట్టి దానికి ఎప్పుడో ఒకసారి రెండు చుక్కలు కావాలి. అదీ అంటుకోని సిలికాన్ ఆయిల్, గాలి గది కోసం అని ప్రత్యేకంగా అమ్మేది. వేశాక రాత్రంతా నిలబెట్టి ఉంచాలి. సింథటిక్ సీల్ అయితే అదీ అక్కర్లేదు. వినేవాళ్లంతా గుర్తుపెట్టుకోండి, ఆ రంధ్రంలో మామూలు ఆయిల్ పొయ్యకండి.

కాలర్: సరే సార్. మరి ఆ మోత? విప్పి చూద్దామా అని. నేను పనివాణ్నే, స్క్రూలూ అవీ విప్పడం వచ్చు.

నిపుణుడు: విప్పే ముందు బయట చూడండి. చెక్కకి ముందువైపు రెండు పక్కలా స్క్రూలుంటాయి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో. ఈ అదురుకి అవి వదులవుతూనే ఉంటాయి. బిగించి చూడండి. మళ్లీ మళ్లీ ఊడుతుంటే స్క్రూ ఊడకుండా పట్టే మందు, తక్కువ పట్టున్న రకం, ఒక చుక్క వెయ్యండి. తర్వాత బారెల్ మడతపడే బోల్టు. రైఫిల్ కాక్ చేసి, అంటే బారెల్ పూర్తిగా వంచి స్ప్రింగ్‌ని నొక్కి నిలిపి, ట్రిగ్గర్‌కి వేలు దూరంగా పెట్టి, బారెల్‌ని సగంలో వదిలితే అక్కడే నిలబడాలి. జారి కిందకి పడిపోతే బోల్టు వదులు. చూస్తున్నంతసేపూ ఒక చేత్తో బారెల్ కాచుకోండి. బారెల్ వంచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ తగిలిందంటే అది కొరడాలా లేచి వేళ్లు నలిపేస్తుంది, బారెల్ కూడా వంగిపోవచ్చు.

కాలర్: అవన్నీ బిగించేశానండీ నిన్ననే. మోత పోలేదు. అందుకే విప్పుదామని.

నిపుణుడు: అయితే లోపలిదే. స్ప్రింగ్ లోపల ఒక కడ్డీ ఉంటుంది, గైడ్ అంటాం. గైడ్ సన్నగా ఉంటే స్ప్రింగ్ దాని మీద వదులుగా కొట్టుకుంటుంది. ఆ టంగ్ అదే. గట్టి ప్లాస్టిక్‌తో స్ప్రింగ్‌కి సరిగ్గా సరిపడే గైడ్ తిప్పించి వేస్తే సగం మోత అక్కడే పోతుంది. చేత్తో తోస్తే కొంచెం పట్టీ పట్టనట్టు వెళ్లాలి, అదీ కొలత. నొక్కేటప్పుడు స్ప్రింగ్ మెలి కూడా తిరుగుతుంది కాబట్టి చివర నున్నటి వాషర్ వేస్తే ఆ మెలి రైఫిల్‌కి అందదు. స్ప్రింగ్ చుట్ల మీద చిక్కటి, సాగే గ్రీజు పలచగా పుయ్యాలి. ఎక్కువైతే వేగం పడిపోతుంది.

కాలర్: పిస్టన్‌కి కూడా అదేనా?

నిపుణుడు: కాదు. పిస్టన్ పక్కలకి మాలిబ్డినం గ్రీజు, వేలితో తుడిచినంత. సీల్ ముందువైపుకి ఏదీ రాకూడదు, వస్తే మళ్లీ పొగే. కాకింగ్ లివర్ జారే గాడి అంచుల్లో పదును ఉంటుంది, సన్న ఎమరీ కాగితంతో రుద్ది ఆ పదును తీసెయ్యండి. లేకపోతే కొత్త సీల్ లోపలికి తోసేటప్పుడే చెక్కుకుపోతుంది. పవర్ తగ్గింది కాబట్టి సీల్ ఎలాగూ మార్చాలి.

కాలర్: అర్థమైంది సార్. అయితే నేను వైస్‌లో బిగించి, వెనక మూత విప్పుతా. ఇంకో మనిషి గట్టిగా నొక్కి పట్టుకుంటే...

నిపుణుడు: ఇంత సేపు చెప్పాను, ఇది కూడా వినండి. కాక్ చెయ్యకపోయినా స్ప్రింగ్ లోపల నొక్కుకునే ఉంటుంది. కొన్ని రైఫిళ్లలో మూత ఊడగానే అది రెండు మూడు అంగుళాలు దూకుతుంది. పట్టుకున్న మనిషి చెయ్యి ఆగదు. స్ప్రింగ్ కంప్రెసర్ అనే పొడవాటి చట్రం ఉంటుంది, మర తిప్పుతూ మెల్లగా వదలాలి. అది లేకుండా విప్పకండి. ఉన్నా సరే, మూతకి ఎదురుగా నిలబడకండి, కళ్లకి రక్షణ కళ్లజోడు లేకుండా చెయ్యకండి.

కాలర్: కంప్రెసర్ లేదండీ. పెద్ద క్లాంప్ ఉంది, కార్పెంటర్లు వాడేది. దానికి బిగించి...

నిపుణుడు: మీ రైఫిల్‌కి సరిపడేలా అమర్చడం తెలిసినవాడు చేస్తే క్లాంపుతోనూ చేస్తారు. మీరు మొదటిసారి చేస్తున్నారు. పని తెలిసిన మనిషి దగ్గరికి పట్టుకెళ్లి, పక్కన కూర్చుని చూసి నేర్చుకోండి. మీ నాన్నగారిదన్నారు. తొందరపడి పాడుచేసుకోకండి.

కాలర్: అలాగే సార్. చాలా థాంక్సండీ. ఇంకొక్కటి, పెల్లెట్...

యాంకర్: చాలామంది వెయిటింగ్‌లో ఉన్నారండీ, థాంక్యూ. నెక్స్ట్ కాలర్. హలో?

కాలర్: సార్, ఎక్కువ పవర్ ఉన్న స్ప్రింగ్ వేస్తే ఇంకా బాగా కొడుతుందా?

నిపుణుడు: వద్దండీ. స్ప్రింగ్ బలం పెరిగేకొద్దీ అదురు పెరుగుతుంది, ట్రిగ్గర్ మీద భారం పెరుగుతుంది. పది మీటర్ల పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే రైఫిళ్ల శక్తి సుమారు 7.5 జౌల్సే. పాత పోటీ రైఫిళ్లు ఫైన్‌వెర్క్‌బావ్ 300 లాంటివి స్ప్రింగ్‌వే. వాటిలో పవర్ పెంచలేదు, పేలినప్పుడు యంత్రమంతా పట్టాల మీద జారేలా చేసి అదురుని మింగేశారు. డయానా కంపెనీవాళ్లు ఎదురెదురుగా పోయే రెండు పిస్టన్లు పెట్టారు. అంత శ్రమ అదురు తగ్గించడానికే.

కాలర్: కానీ సార్, దూరం...

నిపుణుడు: దూరం కావాలంటే ఇది కాదు మీకు కావలసిన రైఫిల్.

యాంకర్: థాంక్యూ. తర్వాత ఎవరు? చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా అమ్మాయి ప్రాక్టీస్ చేస్తుంది. ఈ వారం నుంచి పెల్లెట్లు కిందకి పడుతున్నాయి. స్ప్రింగ్ పోయిందా అని భయంగా ఉంది.

నిపుణుడు: భయపడకండమ్మా, ముందు చిన్న పరీక్ష. బారెల్ మూసుకునే చోట గుండ్రటి రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద సన్నటి టిష్యూ కాగితం ముక్క పెట్టి, పెల్లెట్ వేసి టార్గెట్ వైపే కొట్టమనండి. కాగితం ఎగిరితే గాలి అక్కడే పోతోందన్నమాట. ఆ రింగు ఒక్కటి మారిస్తే చాలు. ఎగరకపోతే లోపలి సీల్ చూపించుకోవాలి.

కాలర్: పాప ఒక్కోసారి కాక్ చేసి అలాగే పక్కన పెట్టేస్తుందండీ.

నిపుణుడు: అది మాన్పించాలమ్మా. నొక్కి ఉంచితే స్ప్రింగ్ బలం పోతుంది. అంతకన్నా ముఖ్యం, కాక్ చేసిన రైఫిల్ పక్కన పెట్టడమే ప్రమాదం. అది లోడ్ చేసిన తుపాకీతో సమానం. కొట్టే ముందే కాక్ చెయ్యాలి. కొట్టనప్పుడు అలాగే ఉంచొద్దు, ఖాళీగా కూడా పేల్చొద్దు. పెల్లెట్ వేసి, పెల్లెట్ ఆగే టార్గెట్‌లోకి కొట్టి దింపాలి.

కాలర్: ఖాళీగా అయితే ఎవరికీ తగలదు కదా అని...

నిపుణుడు: మనిషికి తగలదమ్మా, రైఫిల్‌కి తగులుతుంది. పెల్లెట్ అడ్డు ఉంటేనే ముందు గాలి నిలబడి పిస్టన్‌కి మెత్తగా తగులుతుంది. లేకపోతే నేరుగా ఇనుముకి గుద్దుకుంటుంది. మరీ తేలికపాటి పెల్లెట్‌తో కూడా కొంత అదే జరుగుతుంది. 4.5 మిల్లీమీటర్లదైతే దాదాపు అర గ్రాము బరువున్నవాటితో మొదలుపెట్టండి. ఇందాక అడగబోయిన పెద్దాయనకి కూడా ఇదే జవాబు.

యాంకర్: ఒక్క నిమిషమే ఉంది. లాస్ట్ కాలర్, త్వరగా చెప్పండి.

కాలర్: సార్, నాది స్కోప్, గురి చూసే దుర్భిణి, గురించి. రెండు నెలలకే లోపలి గీత పక్కకి పోయింది.

నిపుణుడు: రెండువైపులా తన్నే అదురుకి తట్టుకునేలా చేసింది కాదది. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి అని రాసి ఉన్న స్కోప్ తీసుకోండి. స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంటు వెనక్కి జారకుండా ఆపు పిన్ను పెట్టించండి. ఆ స్క్రూలకి మాత్రం...

యాంకర్: సారీ సార్, టైమ్ అయిపోయింది. ధన్యవాదాలు.

నిపుణుడు: ఆయిల్ రానివ్వకండి. నమస్కారం.