నెలసరి నొప్పి: మాత్ర ఎప్పుడు, ఆసుపత్రి ఎప్పుడు?

[దృశ్యం: అనంతపురం జిల్లా, కల్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఉదయం ఎనిమిది. బడి సంచి గుమ్మం దగ్గరే ఉంది. పదో తరగతి అమ్మాయి మోకాళ్లు ముడుచుకుని చాపమీద పడుకుంది.]

వ్యాఖ్యానం: "ఓర్చుకో తల్లీ, ఆడపుట్టుక అన్నాక తప్పదు." అవ్వ అమ్మకు చెప్పిన మాటే అమ్మ కూతురికి చెబుతోంది. ప్రేమతోనే చెబుతోంది. కానీ ఈ నొప్పికి కారణం తెలుసు, మందు ఉంది. ఓర్చుకుంటూ బడి మానుకోవాల్సిన పని లేదు.

[బొమ్మ: గర్భసంచి]

నెలనెలా గర్భసంచి లోపలి పొర ఊడి రక్తంతో బయటికి వస్తుంది. ఆ పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి గర్భసంచి కండరాన్ని తడిబట్ట పిండినట్టు బిగిస్తాయి. బిగిసిన కండరానికి రక్తం సరిగా అందదు, నొప్పి పుడుతుంది. కొందరికి వికారం, విరేచనాలు కూడా వీటివల్లే. ఇవి ఎక్కువగా తయారయ్యేవారికి నొప్పీ ఎక్కువే. కాబట్టి "పక్కింటి పిల్లకు లేనిది నీకెందుకు?" అని అనకండి.

రజస్వల అయిన కొత్తలో చాలామందికి నొప్పి ఉండదు. అండం విడుదల కావడం మొదలయ్యాక, ఆరు నెలలకో ఏడాదికో వస్తుంది. నెలసరితో మొదలై రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే సాధారణంగా భయపడనక్కర లేదు.

[దృశ్యం: అరచేతిలో మాత్ర, పక్కన ఉగ్గాని గిన్నె]

ఇప్పుడు అసలు సంగతి. ఐబూప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి. అప్పటికే తయారైనవాటిని మాత్రం తీసేయలేవు. అందుకే మెలికలు తిరిగిపోయేదాకా ఆగి వేసుకుంటే సరిగా పనిచేయవు. నొప్పి మొదలవుతున్నట్టు తెలియగానే, ఏదైనా తిన్నాక, డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవాలి. ఇలా నెలకు రెండు మూడు రోజులు వాడితే గర్భసంచి పాడవుతుందని, పిల్లలు పుట్టరని అనేది ఒట్టి అపోహ.

జాగ్రత్తలూ ఉన్నాయి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలోనూ వద్దు. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా తీవ్రమైన ప్రతిచర్య వస్తుందని 2023లో మందుల నాణ్యత, భద్రత చూసే ప్రభుత్వ సంస్థ భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. ఒంటిమీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే మాత్ర ఆపి డాక్టరును కలవండి.

[దృశ్యం: స్టీలు సీసాకు తువ్వాలు చుడుతున్న చేతులు]

కాపడం నిజంగా పనిచేస్తుంది. వేడినీళ్ల సంచి లేకపోతే స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకోండి. చర్మం కాలకుండా చూసుకోండి. మన ఎండల్లో మే నెలలో కాపడమా అనిపిస్తుంది, ఫ్యాను కింద కూర్చుని పెట్టుకోండి. నొప్పి కాస్త తగ్గాక నడవండి, ఆటలు మానకండి. పిల్లను విడిగా వసారాలో కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నొప్పితో ఉన్న పిల్లకు కావలసింది మంచం, వేడినీళ్లు, పక్కన ఒక మనిషి. దూరంగా ఉంచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

[దృశ్యం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, తల్లీకూతుళ్లు బెంచీ మీద]

మాత్ర సరిగా వాడినా మూడు నెలల్లో గుణం కనిపించకపోయినా, నొప్పి నెలనెలా పెరుగుతున్నా, నెలసరి లేని రోజుల్లోనూ ఉన్నా డాక్టరుకు చూపించాలి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది గర్భసంచి బయట పెరగడం) వంటి జబ్బు ఉండవచ్చు. గంటకో ప్యాడు తడిసిపోతున్నా, రక్తస్రావం ఏడు రోజులు దాటినా ఆలస్యం చేయకండి. ఇంకా రజస్వల కాని పెద్దపిల్లకు నెలనెలా కడుపునొప్పి వస్తున్నా అంతే.

"పెళ్లికాని పిల్లను ఆ డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి?" అని అమ్మలు వెనకాడతారు. సాధారణంగా ప్రశ్నలు అడుగుతారు, అవసరమైతే పొట్టమీద నుంచే స్కానింగ్ చేస్తారు. ముందుగా మీ ఊరి ఆశా కార్యకర్తతోనో ఏఎన్ఎంతోనో మాట్లాడండి. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో స్త్రీల వైద్య విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు నెలసరి తేదీలు, ఎన్ని రోజులు నొప్పి ఉంది, ఏ మాత్ర వేశారు అనేవి కాగితంమీద రాసి తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేవి అవే.