పండినా పచ్చగానే ఉండే చారల టమాటా

శ్రోతలకు నమస్కారం.

టమాటా పండిందో లేదో ఎలా తెలుస్తుంది అని ఎవరినడిగినా ఒకటే జవాబు వస్తుంది. ఎర్రబడితే పండినట్టు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క ఇది. ఈ రోజు నేను చెప్పబోయే టమాటా దగ్గర ఆ లెక్క పనికిరాదు. అది పచ్చగా కాస్తుంది, పచ్చగానే పండుతుంది. తొడిమ దగ్గర బయలుదేరి కింది కొస దాకా ముదురాకుపచ్చ చారలు. దాని పేరు గ్రీన్ జీబ్రా.

చారల టమాటాలు చాలా రకాలున్నాయి. టైగరెల్లా అని ఒకటుంది, ఎర్రటి కాయ మీద నారింజ చారలు. స్ట్రైప్డ్ జర్మన్, బిగ్ రెయిన్‌బో అనేవి పెద్ద కాయలు, ఒక్కొక్కటి అరకిలో దాకా తూగుతాయి. వాటిలో పసుపూ ఎరుపూ కలిసిపోయి ఉంటాయి, అడ్డంగా కోస్తే లోపలి కండలో కూడా ఆ రంగులే పాకి కనిపిస్తాయి. అంటే కొన్నిటికి చార తోలు మీదే, కొన్నిటికి కండలోకి కూడా దిగుతుంది. ఇన్ని ఉన్నా ఈ కొద్ది సమయంలో నేను గ్రీన్ జీబ్రా గురించే చెబుతాను. ఇంట్లో మొదటిసారి చారల టమాటా పెంచాలనుకునే వాళ్లకు దీనికంటే మంచి రకం లేదని నా నమ్మకం. కాయ చిన్నది, 60 నుంచి 100 గ్రాములు. పెద్ద కాయల రకాలు ఆలస్యంగా పండుతాయి, ఓపికను పరీక్షిస్తాయి. ఇది నారు నాటిన 75, 80 రోజులకల్లా చేతికొస్తుంది.

దీన్ని తయారుచేసిన మనిషి టామ్ వాగ్నర్, అమెరికాలో టమాటా, బంగాళాదుంప రకాల మీద పనిచేసిన ఆయన. పండినా పచ్చగా ఉండే టమాటాలు అంతకుముందు లేకపోలేదు. ఎవర్‌గ్రీన్ అనే పాత రకం ఉండేది. దాంతో వచ్చిన చిక్కేమిటంటే కాయ పగిలిపోయేది. పచ్చగానూ ఉండాలి, పగలకుండానూ ఉండాలి అని పట్టుబట్టి ఆయన పాత రకాలను ఒకదానితో ఒకటి కలుపుతూ వచ్చి, చివరికి ఈ చారల కాయను 1983లో తన విత్తనాల కేటలాగ్‌లో పెట్టారు.

1983 అంటే మరీ పాతకాలం కాదు. అందుకని దీన్ని హెయిర్‌లూమ్, అంటే తరతరాలుగా వస్తున్న రకం అనడానికి కొందరు ఒప్పుకోరు. కనీసం 50 ఏళ్లయినా కావాలంటారు. నేను మాత్రం వయసు కంటే గింజనే చూస్తాను. కాయలోంచి తీసిన గింజ నాటితే మళ్లీ అదే కాయ వస్తోందా? వస్తుంది. తల్లి మొక్కకున్న చారే పిల్ల మొక్కకూ వస్తుంది. హైబ్రిడ్ గింజకు ఆ నమ్మకం లేదు, ఈ గింజకు ఉంది. నాకు అది చాలు.

ఇప్పుడు పండటం సంగతి. మామూలు టమాటా మాగేటప్పుడు లోపలున్న ఆకుపచ్చని పదార్థం, పత్రహరితం, కరిగిపోతుంది. దాని స్థానంలో ఎర్రటి లైకోపీన్ చేరుతుంది. గ్రీన్ జీబ్రాలో ఈ రెండు పనులూ జరగవు. పత్రహరితం పూర్తిగా పోదు, ఎరుపు తయారు కాదు. అయినా మిగతా మాగుడంతా మామూలుగానే జరుగుతుంది. కండ మెత్తబడుతుంది, తీపి చేరుతుంది, వాసన వస్తుంది, గింజ ముదురుతుంది. కళ్లకు మాత్రం ఏమీ తెలియదు. అందుకే ఈ మొక్కను కొత్తగా పెంచేవాళ్లకు ఒకటే టెన్షన్: ఎప్పుడు కోయాలి?

కంటితో కాదు, వేలితో. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

కాయను అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో కింది భాగాన్ని, అంటే తొడిమకు ఎదురుగా ఉన్న కొసను, మెల్లగా నొక్కండి. రాయిలా ఉంటే పచ్చి. కొద్దిగా లోపలికి దిగి, వేలు తీయగానే మళ్లీ పైకి వస్తే పండినట్టు. దిగినది దిగినట్టే ఉండిపోతే ముదిరిపోయింది, తినడానికి ఆలస్యం చేయకండి. కంటికి కూడా ఒక చిన్న పని ఉంది. చారల మీద కాదు, చారల మధ్యనున్న ఖాళీ మీద చూపు పెట్టండి. పచ్చిగా ఉన్నప్పుడు అక్కడ లేతాకుపచ్చ రంగు ఉంటుంది. పండేకొద్దీ అది పసుపులోకి, ఆ పసుపు తేనె రంగులోకి తిరుగుతుంది. తోలులో ఉండే పసుపు రంగు చేసే పని అది. ఉదయపు వెలుగులో ఈ తేడా బాగా తెలుస్తుంది, మధ్యాహ్నపు ఎండలో కళ్లు మోసపోతాయి. అనుమానం వస్తే మళ్లీ వేలినే నమ్మండి. కంటితో కాదు, వేలితో.

సరిగ్గా పండిన కాయ రుచి చెప్పాలంటే, పులుపు ముందు తగులుతుంది, తీపి తరువాత వస్తుంది. చురుకైన పులుపు. తీపి మాత్రమే ఇష్టపడే వాళ్లకు మొదటి ముక్క కొంచెం గట్టిగా తగలొచ్చు. నాకైతే అడ్డంగా కోసి, చిటికెడు ఉప్పు చల్లి, పచ్చిగానే తినడం ఇష్టం. కోసినప్పుడు లోపల పచ్చరాయిలా మెరుస్తుంది. అది చూడటానికే ఒక మొక్క పెంచొచ్చు అనిపిస్తుంది నాకు.

ఇక పెంపకం. గింజను అర సెంటీమీటరు లోతులో పెట్టి, మట్టి తడి ఆరకుండా చూసుకుంటే, 25 డిగ్రీల వెచ్చదనంలో వారం అటూ ఇటూగా మొలుస్తుంది. నారుకు 6 వారాలు దాటాక పెద్ద కుండీలోకో నేలలోకో మార్చాలి. మార్చేటప్పుడు కింది ఆకులు తుంచేసి, కాండాన్ని సగం దాకా మట్టిలో పూడ్చండి. టమాటా కాండం మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది, మొక్క గట్టిగా నిలబడుతుంది. కుండీ అయితే 20 లీటర్లకు తగ్గకూడదు. ఎండ రోజుకు 6 గంటలైనా పడాలి. ఇది ఆగకుండా పొడుగు పెరిగే రకం, మనిషెత్తు దాటిపోతుంది, కాబట్టి నాటిన రోజునే పక్కన గట్టి కర్ర పాతండి. తరువాత పాతితే వేళ్లు తెగుతాయి. కింది ఆకులు మట్టిని తాకకుండా తీసేస్తే ఆకుమచ్చ తెగుళ్లు తగ్గుతాయి.

బాగా వేడిగా ఉండే రోజుల్లో పూత రాలిపోతే కంగారు పడకండి. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కంటే దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పిందె పడదు. మొక్కకు జబ్బేమీ లేదు. చల్లబడితే మళ్లీ పూస్తుంది. ఆ సమయంలో ఎరువు మీద ఎరువు వేయడం మాత్రం వద్దు. ఆకులు పెరుగుతాయి తప్ప కాయలు రావు.

నీళ్ల దగ్గర కొంచెం ఆగుతాను. గ్రీన్ జీబ్రాకు అడుగు కుళ్లు త్వరగా వస్తుంది. కాయ కింది కొస నల్లబడి, గుంటపడి, తోలులా ఎండిపోతుంది. చూడగానే పురుగో తెగులో అనుకుని మందు కొడతారు చాలామంది. అది తెగులు కాదు. ఎదిగే కాయ కొసకు కాల్షియం అందకపోవడం. కాల్షియం మట్టిలో లేక కాదు, చాలాసార్లు ఉంటుంది. అది నీళ్లతో పాటే వేరు నుంచి కాయకు చేరాలి. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు కుండీ నింపేస్తే ఆ సరఫరా తెగిపోతుంది. అదే తీరులో నీళ్లు పోస్తే పండే కాయ పగులుతుంది కూడా. కాబట్టి కొంచెం కొంచెంగా, క్రమం తప్పకుండా, మొదట్లోనే పోయండి, ఆకుల మీద కాదు. మొదలు చుట్టూ ఎండుటాకులో ఎండుగడ్డో మందంగా పరచండి, తడి నిలబడుతుంది. ఇంత చేస్తే మందుతో పని ఉండదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దానికి వచ్చాను. గింజ దాచుకోవడం.

టమాటా పువ్వు తనలో తానే ఫలదీకరణ చేసుకుంటుంది. మగ భాగం, ఆడ భాగం ఒకే పువ్వులో, ఒకదాన్నొకటి హత్తుకుని ఉంటాయి. గాలికి కొమ్మ ఊగితే చాలు. అందుకే టమాటా గింజ దాచుకోవడం మిగతా కూరగాయల కంటే తేలిక. అయినా తేనెటీగలు తిరిగే తోటలో అప్పుడప్పుడు పక్క మొక్క పుప్పొడి వచ్చి పడుతుంది. అలా పడితే ఏమవుతుంది? ఈ ఏటి కాయ మారదు. ఇది చాలామంది పొరబడే చోటు, అందుకే మళ్లీ చెబుతున్నాను. ఈ ఏటి కాయ మారదు, లోపలి గింజ మారుతుంది. చార లేని ఎర్ర టమాటా పుప్పొడి పడిన గింజను వచ్చే ఏడు నాటితే ఎర్రటి, చార లేని కాయలే వస్తాయి. చార పోయిందని బాధపడతాం. అది పోలేదు, దాగింది. చారనిచ్చే జన్యువు బలహీనమైనది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అందితేనే పైకి కనిపిస్తుంది. ఆ ఎర్ర కాయల గింజలు మళ్లీ నాటి చూస్తే, సగటున 4 మొక్కల్లో ఒకదానికి చార తిరిగొస్తుంది. తాత పోలిక కొడుకును దాటి మనవడిలో తేలినట్టు. ఆ చార వచ్చేది పచ్చ కాయ మీదా ఎర్ర కాయ మీదా అన్నది వేరే సంగతి.

ఈ కలగాపులగం వద్దనుకుంటే చిన్న ఉపాయం ఉంది. పూలు విచ్చుకోకముందే ఒక గుత్తికి పల్చటి వలగుడ్డ సంచి తొడిగి వదులుగా కట్టండి. పూలు విచ్చుకున్నాక రోజూ ఉదయం ఆ కొమ్మను వేలితో మెల్లగా తట్టండి. పిందెలు పడ్డాక సంచి తీసేసి, ఆ గుత్తికి రంగు దారం కట్టండి. దారం ఉన్న కాయలు గింజకు, లేనివి తినడానికి. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, లేకపోతే ఆ కాయలే ముందు కోసేస్తారు.

గింజకు ఏ కాయ? పెద్దది అని చాలామంది అంటారు. నేను మొక్కను చూడమంటాను. తెగులు సోకని, బాగా కాసిన, చారలు స్పష్టంగా ఉన్న మొక్క కాయ. గ్రీన్ జీబ్రాకు చార పిందె దశ నుంచే కనిపిస్తుంది కాబట్టి, చార లేని మొక్క ఏదైనా ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. దాన్ని గింజకు వాడకండి. ఒకటి కంటే ఎక్కువ మొక్కల నుంచి గింజ తీసి కలిపితే ఇంకా మంచిది. కాయ తినే పాకం దాటి మరికొన్ని రోజులు కొమ్మ మీదే ఉండి, బాగా మెత్తబడాలి. ఇక్కడ కూడా కంటితో కాదు, వేలితోనే.

కాయను అడ్డంగా కోసి, గింజలను జిగురుతో సహా గాజు గ్లాసులోకి పిండండి. మరీ చిక్కగా ఉంటే కొద్దిగా నీళ్లు కలపండి. పైన గుడ్డ కప్పి, నీడలో 2 లేక 3 రోజులు పులవనివ్వండి. రోజుకొకసారి కలపండి. వాసన వస్తుంది, పైన తెల్లటి తెర కడుతుంది. పారబోయకండి, అలాగే కావాలి. గింజ చుట్టూ ఉన్న జిగురు, కాయలో ఉండగా గింజ మొలకెత్తకుండా ఆపుతుంది. పులిస్తే ఆ జిగురు వదిలిపోతుంది, గింజ మీదుండే కొన్ని తెగుళ్ల క్రిములు కూడా తగ్గుతాయి. 3 రోజులు దాటనివ్వకండి, గ్లాసులోనే మొలకలు వచ్చేస్తాయి. తరువాత నీళ్లు నింపి కదిపితే గట్టి గింజ అడుగుకు చేరుతుంది, తాలు గింజ పైకి తేలుతుంది. తేలినవి వంచేసి, మిగిలినవి శుభ్రంగా కడిగి, పింగాణీ పళ్లెంలో పల్చగా పరచండి. కాగితం మీద వద్దు, అంటుకుపోతాయి. ఎండలో వద్దు, గాలి తగిలే నీడలో ఆరబెట్టి, రోజూ చేత్తో విడదీస్తూ ఉండండి.

వారానికి గింజ గలగలమనేలా ఎండుతుంది. కాగితపు కవరులో పోసి, రకం పేరూ, కోసిన ఏడాదీ రాసి, ఆ కవరును బిగుతైన మూత ఉన్న సీసాలో పెట్టి, చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే చోట ఉంచండి. 4, 5 ఏళ్లు హాయిగా మొలుస్తాయి. ఒక్క కాయలోనే పదుల కొద్దీ గింజలుంటాయి, మీ అవసరానికి మించి. ఆ మిగిలినవి పక్కింటి వాళ్లకు ఇచ్చేటప్పుడు ఒక్క మాట తప్పకుండా చెప్పండి, ఇది పండినా ఎర్రబడదని. లేకపోతే పాపం వాళ్లు ఎరుపు కోసం ఎదురుచూస్తూ చెట్టు మీదే కాయలన్నీ కుళ్లబెట్టుకుంటారు.

నమస్కారం.