ఆక్టాప్యాడ్ వెనక ఒక గడియారాల మెకానిక్

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న గురువులకు, వెనక నిలబడ్డ బ్యాండు పిల్లలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నా పది నిమిషాలు అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి.

మన వార్షికోత్సవం కార్డు చూశాను. గాయకుల పేర్లున్నాయి, కీబోర్డు, తబలా, ప్యాడ్స్ (పుల్లలతో కొట్టే కరెంటు డ్రమ్ములు) ఉన్నాయి, ఆఖరికి టెంటు హౌసు పేరూ ఉంది. మెకానిక్ పేరు లేదు. నలభై ఏళ్ళ నుంచి నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మీ వాయిద్యాల పెట్టెలు విప్పి బిగిస్తున్నవాణ్ణి. కోపం లేదు. సరే, కొంచెం ఉంది. అందుకే మీరిచ్చిన టాపిక్ పక్కన పెట్టి, ఇంకో మెకానిక్ సంగతి చెబుతాను.

ఇకుతారో కకేహషి. పేరు నోరు తిరగదు గానీ, ప్యాడ్స్ వాయించి ఇల్లు నడుపుకునేవాళ్ళంతా తలుచుకోవలసిన మనిషి. 1930లో జపాన్‌లోని ఒసాకాలో పుట్టాడు. రెండేళ్ళ వయసులోనే అమ్మానాన్నలిద్దరూ టీబీతో పోయారు. తాతా అవ్వల దగ్గర పెరిగాడు. యుద్ధం అయిపోయాక, పదహారేళ్ళకు గడియారాల రిపేరు పట్టుకున్నాడు, తర్వాత రేడియోలు.

మా నాయనదీ గడియారాల పనే. కంటికి భూతద్దం బిగించి కూర్చుంటే పిలిచినా పలికేవాడు కాదు. ఒకసారి హెయిర్ స్ప్రింగ్ ఎగిరి ఎక్కడో పడింది. చీపురు ముట్టొద్దన్నాడు. అమ్మ, నేను, చెల్లె తడి వేళ్ళతో నేలంతా అద్దుకుంటూ వెతికాం. దొరికింది, అమ్మ కొంగుకు పట్టుకొని ఉంది!

ఎక్కడున్నాను? ఆఁ, టీబీ. అది కకేహషినీ పట్టుకుంది. మూడేళ్ళు శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పట్లో స్ట్రెప్టోమైసిన్ కొత్త మందు, అది ఎక్కించాకే లేచాడు. మంచం మీదున్నప్పుడు కూడా తోటి రోగుల రేడియోలు బాగుచేశాడట. మెకానిక్ అంటే అదీ! 1954లో ఒసాకాలో చిన్న ఎలక్ట్రిక్ షాపు, 1960లో ఏస్ ఎలక్ట్రానిక్స్, అక్కడి నుంచి బయటికొచ్చి 1972లో రోలాండ్ అనే వాయిద్యాల కంపెనీ. అప్పటికి నలభై రెండేళ్ళు. కంపెనీకి తన పేరు పెట్టుకోలేదు, ఏ దేశంవాళ్ళకైనా నోరు తిరిగే మాట వెతికి పెట్టాడు. 1985లో వచ్చిన ఆక్టాప్యాడ్, అదే ఎనిమిది ప్యాడ్ల పెట్టె, ఆ కంపెనీదే.

ఆ కంపెనీ 1980లో టీఆర్-808 అని ఒక రిథమ్ మెషీన్, అంటే తనంతట తానే డ్రమ్ములు వాయించే పెట్టె తెచ్చింది. అందులో కావాలనే లోపమున్న ట్రాన్సిస్టర్లు ఏరి వేశారు. ఆ లోపం వల్లే అందులోని కంచు తాళాల మోతకు ఆ బుస్సుమనే సౌండు. చెత్తబుట్టలో పడాల్సిన పార్టు పాటకు పనికొచ్చింది! ఈ ఒక్క మాట చెప్పడానికే నేను సైకిల్ తొక్కుకుంటూ వచ్చాను.

మిడి సంగతీ వినండి, అంటే ఒక కరెంటు వాయిద్యం ఇంకోదానితో మాట్లాడుకునే పద్ధతి. అంతకుముందు ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీదానితో కలిసేది కాదు, పాత సెల్‌ఫోన్లకు తలా ఒక ఛార్జర్ ఉన్నట్టు. ఈయన, అమెరికాలో కీబోర్డులు తయారుచేసే డేవ్ స్మిత్, ఇంకొన్ని కంపెనీలూ కూర్చొని ఒకే పద్ధతికి ఒప్పుకున్నారు. 1983లో రెండు కంపెనీల కీబోర్డులు ఒక్క వైరుతో కలిసి మోగాయి. ఎవరైనా వాడుకోండని రాయల్టీ లేకుండా వదిలేశారు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ, అదే అమెరికావాళ్ళ పెద్ద సంగీత అవార్డు ఇచ్చారు, ముప్పై ఏళ్ళకు! నాకింకా టైముంది, తొందరేం లేదు.

"ప్యాడ్ వచ్చి డప్పును మింగింది కదా" అని అక్కడెవరో అంటున్నారు. నిజమే, కొంత మింగింది. నేను కాదనను. మా వీధిలో డప్పు కొట్టే పెద్దాయన కొడుకు ఇప్పుడు ప్యాడ్స్ వాయిస్తున్నాడు. రిపేరుకు నా దగ్గరికే వస్తాడు, డబ్బులు మాత్రం అప్పు.

చెర్వుగట్టు జాతర రాత్రి ఒకటి చెప్పాలి. భజన మధ్యలో ప్యాడ్ మూగబోయిందని పిలిచారు. విప్పితే లోపల రెండు రూపాయల బిళ్ళంత ఇత్తడి రేకు, దాని మీద వెంట్రుకంత వైరు తెగి ఉంది. సోల్డరింగ్ ఐరన్ ఇంట్లో మర్చిపోయాను. పక్కన మిర్చిబజ్జీల బండి. స్టవ్ మీద స్క్రూడ్రైవర్ పెట్టి ఎర్రగా కాల్చాను. వేడి ఎక్కువైతే రేకు మీది తెల్ల పూత పగులుతుంది, ఇక బాగుకాదు. మూడోసారి అతుక్కుంది. బండాయన నూనె చల్లారిందని గొడవపడితే నాలుగు ప్లేట్లు కొన్నాను. భజన మొదలైంది, దండలు గాయకులకు పడ్డాయి. నేను బజ్జీలు తింటూ చూశాను.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. కకేహషి 2017లో పోయాడు, ఎనభై ఏడేళ్ళకు. ఇంకా చాలా ఉంది, సరే. బాబూ, ఎడమ పక్క ప్యాడ్స్ దగ్గరున్న అబ్బాయీ, ప్రార్థన గీతం నుంచీ వింటున్నాను, నీ మూడో ప్యాడ్ రెండు దెబ్బలకు ఒకటే పలుకుతోంది. భోజనాలకు లేవగానే విప్పుదాం. టార్చ్ పట్టుకోవడానికి ఒకరు రండి, ఈసారి ఐరన్ తెచ్చాను.