దుంగ ఒకటి, గిన్నెలు మూడు: లేత్ మీద కోరింగ్

[దృశ్యం: లేత్‌కు బిగించిన పచ్చి చింత దుంగ. వెడల్పు 300 మిల్లీమీటర్లు, లోతు 125. నడుమ చాక్లెట్ రంగు చేవ.]

లేత్ అంటే చెక్కను గిరగిరా తిప్పే యంత్రం. దాని మీద ఈ దుంగను మామూలుగా ఉలితో తొలిస్తే ఒకే ఒక్క గిన్నె వస్తుంది. మిగతాదంతా పొట్టే. ఎంత పోతుందో లెక్క వేద్దాం. గిన్నె అర్ధగోళంలా ఉందనీ, గోడ మందం వ్యాసంలో పదో వంతనీ అనుకోండి. లోపలి వ్యాసం బయటి దానిలో 80 శాతం. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.51. అంటే సగం కన్నా ఎక్కువ చెక్క నేలపాలు. చింత చేవను అలా ఊడ్చి పారేయడానికి నాకైతే మనసొప్పదు. ఆ పోయే భాగాన్ని ముక్కగా తీసి, దానిలోంచి మరో గిన్నె, దాని కడుపులోంచి ఇంకొకటి తీయడమే కోరింగ్.

బేగంబజారు కొట్లలో ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెల సెట్టు చూసే ఉంటారు. చెక్కతో అలాంటిదే వస్తుంది. పైగా మూడు గిన్నెల్లోనూ ఒకే చెట్టు గీతలు.

అయితే ప్రతి దుంగకూ ఈ శ్రమ అక్కర్లేదు. వేసవి గాలివానలకు హైదరాబాద్ రోడ్ల పక్కన నిద్రగన్నేరు చెట్లు విరిగి పడుతూనే ఉంటాయి. అలాంటి దుంగ వంటచెరకు ధరకు దొరికితే హాయిగా ఉలితో తొలిచేయండి. కత్తులు అమర్చి, కొలిచి, మళ్లీ అమర్చే సమయానికి దానిలో గిట్టుబాటు లేదు. చింత, టేకు, చేవ తిరిగిన వేప అయితే వేరు సంగతి. ఇంకొక మాట: నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. సామిల్లులో బిల్లుతో కొనుక్కోవడం సుఖం.

[దృశ్యం: బల్ల మీద రెండు రకాల వంపు కత్తులు.]

పరికరాలు ప్రధానంగా రెండు తరహాలు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన మెక్‌నాటన్ కత్తులను చేత్తోనే నడపాలి. కత్తి మెలి తిరగకుండా రెండు పోస్టుల మధ్యనుంచి వెళ్తుంది. దారి చూపేది మన కన్నూ చెయ్యీ మాత్రమే. కెనడాకు చెందిన వన్‌వే కంపెనీ పరికరంలో కత్తి ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. మొదటిది స్వేచ్ఛ ఇస్తుంది, రెండోది క్రమశిక్షణ. నేర్చుకునే దశలో ఇరుసు రకమే మేలని నా అభిప్రాయం.

రాణిగంజ్‌లో బెల్టులు, బేరింగులు, బోల్టులు దొరుకుతాయి. బాలానగర్ వర్క్‌షాపుల్లో ఉక్కు పలకను వంపుగా కోయించుకోనూ వచ్చు. కానీ కత్తి మొత్తాన్నీ గట్టిపరిచే పొరపాటు చేయించకండి. ఒంటికి సాగే గుణమున్న ఉక్కు, మొనకు మాత్రం గట్టి ముక్క. ఒళ్లంతా గట్టిదైతే ఒత్తిడికి వంగదు, విరుగుతుంది.

[దృశ్యం: కాగితం మీద వృత్తలేఖినితో చాపం గీస్తున్న చెయ్యి.]

ఇక అసలు కిటుకు. కత్తి వంపు ఒక వృత్తంలో ముక్క. ఇరుసు సరిగ్గా ఆ వృత్తానికి కేంద్రం. అందుకే మొన ఏ దారిన వెళ్తే వెనకున్న కత్తి కూడా అదే దారిన వెళ్తుంది, ఎక్కడా ఒరుసుకోదు. గిన్నె లోతును తేల్చేది కత్తిని తోసే బలం కాదు, ఇరుసు ఉన్న చోటు.

అంకెల్లో చూడండి. కత్తి బయటి అంచు వ్యాసార్థం 125 మిల్లీమీటర్లు. ఇరుసును లేత్ అక్షం మీద, దుంగ ముఖానికి 30 మిల్లీమీటర్లు ఇవతల పెట్టాం. 125లోంచి 30 తీసేస్తే లోతు 95. దుంగ లోతు 125 కాబట్టి అడుగున 30 మిగిలింది. నోటి దగ్గర కోత వెడల్పు సుమారు 243, అంటే గోడ మందం 28 పైన. పచ్చి గిన్నెకు పదో వంతు మందం ఉంచాలన్న నియమానికి ఇది దగ్గరగా ఉంది. కోత సందు రెండు వైపులా 10 మిల్లీమీటర్ల చొప్పున పోగా బయటపడే ముక్క వెడల్పు 222. అదే లెక్కతో దానిలోంచి వచ్చే మూడో గిన్నె 158.

ఇప్పుడు అదే ఇరుసును ముఖానికి ఆనించి పెట్టారనుకోండి. లోతు 125. అంటే పెద్ద గిన్నెకు అడుగే లేదు! స్విచ్ వేశాక దీన్ని ఎవరూ సరిచేయలేరు. అందుకే కాగితం మీద గీయకుండా కత్తి ముట్టుకోకండి. మొదటి దుంగలోంచి ఒక్క ముక్క మాత్రమే తీయండి. మూడు గిన్నెల మీద ఆశ తర్వాత పెట్టుకోవచ్చు.

[దృశ్యం: దుంగ వెనుక వైపు, చక్ దవడలు పట్టుకున్న కుసి.]

ఈ సైజు పచ్చి దుంగ నీళ్లంత బరువున్నా 8 కిలోలు దాటుతుంది. దాన్నంతా మోసేది ఈ కుసే, అంటే దుంగను పట్టి తిప్పే చక్ దవడల్లో ఇమిడేలా దుంగ వెనక తీసిన గుండ్రటి మొలక. కుసి వెడల్పు దుంగ వ్యాసంలో 40 శాతం దాకా ఉండాలి, ఇక్కడ 120. దుంగ భుజం దవడల మీద ఆనాలి, కుసి కొస మాత్రం చక్ అడుగును తాకకూడదు. మధ్య బెండు దుంగలో ఉండనివ్వకండి, పగుళ్లు అక్కడినుంచే మొదలవుతాయి.

వేగం నిమిషానికి 500 చుట్లు చాలు. నాబ్ తిప్పి వేగం తగ్గిస్తే సరిపోదు, బెల్టును తక్కువ వేగం పుల్లీకి మార్చండి. బలం పెరిగేది అక్కడే. కత్తి మొన లేత్ అక్షానికి వెంట్రుకవాసి పైన ఉండాలి, ఎందుకంటే లోపలికి వెళ్లేకొద్దీ బరువుకు కిందికి వంగుతుంది. ముఖాన్ని పూర్తిగా కప్పే షీల్డ్ పెట్టుకుని, దుంగ ఎగిరితే వచ్చే దారికి పక్కగా నిలబడండి.

[దృశ్యం: కోత దగ్గరగా. తడి పొట్టు రిబ్బన్లుగా వస్తోంది. నేపథ్యంలో లేత్ శబ్దం మాత్రమే.]

ఈ శబ్దం వినండి. సమంగా, బొంగురుగా ఉంది కదా? ఇప్పుడు... కీచుమంది. సందులో పొట్టు ఇరుక్కుంది. తోయకండి. కత్తిని వెనక్కి లాగి, లేత్ ఆపి, పొట్టు దులిపి మళ్లీ మొదలుపెట్టండి. పచ్చి చెక్కలో బిగువు విడిచేకొద్దీ సందు మూసుకుని కత్తిని పట్టేస్తుంది కూడా. అలాంటప్పుడు సందును ఒక గీత వెడల్పు చేయాలి. ఒక అంగుళం కోత, ఒకసారి శుభ్రం. విసుగ్గానే ఉంటుంది, అయినా తప్పదు.

మధ్యలో బొటనవేలంత కాడ మిగిలినప్పుడు లేత్ ఆపేయండి. సందులో చెక్క చీలిక దూర్చి మెల్లగా తట్టండి. కాడ ఫట్‌మని విరిగి ముక్క చేతిలోకి వస్తుంది.

లెక్క పెద్దదాని నుంచి వేసుకున్నా, మూడు గిన్నెలు తీసేటప్పుడు అన్నిటికన్నా చిన్నదాన్ని ముందు తీయాలి. కుసి ఉన్నది పెద్ద గిన్నెకు కదా, అది చివరిదాకా చక్‌లోనే ఉంటుంది. బయటపడ్డ ముక్కలకు కుసి ఉండదు. వాటి నోటిని చక్‌కు బిగించిన ఒక చెక్క దిమ్మ మీద బోర్లించి, వెనకనుంచి టెయిల్‌స్టాక్‌తో (లేత్ రెండో కొసన ఉండే ఆధారం) నొక్కి పట్టి, అడుగున కొత్త కుసి తిప్పుకోవాలి.

[దృశ్యం: మైనం పూసిన మూడు గిన్నెలు, పక్కన వార్తాపత్రికలు, వంటింటి తూకం.]

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే వడగాలికి పచ్చి గిన్నెను వదిలేస్తే సాయంత్రానికే పగుళ్లు కనిపించవచ్చు. పోగులు తెగిన అంచులకు మైనం పూసి, పత్రికల్లో చుట్టి, గాలి కొట్టని గదిలో పెట్టండి. ప్రతి గిన్నె అడుగున తేదీ, బరువు పెన్సిల్‌తో రాయండి. వారానికోసారి తూచండి. గిన్నె కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది, కంగారు పడకండి. గోడ మందంగా ఉంచింది ఆ వంకరను తర్వాత తిప్పి తీసేయడానికే. వరుసగా మూడు, నాలుగు వారాలు బరువు మారకపోతే ఎండినట్టే. పెద్దదానికి ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు, చిన్నది ముందే సిద్ధమవుతుంది. వంకర తిరిగిన కుసిని మళ్లీ గుండ్రం చేసి, రెండోసారి తిప్పి, నూనె పట్టించే పని వచ్చే వీడియోలో చూద్దాం.