వేగమున్నది బయట, అనుమతి ఉన్నది లోపల: ఐ3-6006యూ, పెంటియమ్ ఎన్5000 పోలిక

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. మీకు ఎడమవైపు కనిపిస్తున్నదానిలో ఇంటెల్ కోర్ ఐ3-6006యూ ప్రాసెసర్ ఉంది, కుడివైపుదానిలో ఇంటెల్ పెంటియమ్ సిల్వర్ ఎన్5000 ఉంది. పర్లాకిమిడిలో నేను నడిపే జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణంలో ఈ రెండూ కొన్నేళ్లుగా పక్కపక్కనే పనిచేస్తున్నాయి. సరిహద్దుకు అటు పాతపట్నం నుంచి, ఇటు కాశీనగరం, గుణుపూర్ల నుంచి వచ్చే పిల్లలు పాత ల్యాప్‌టాప్ కొనే ముందు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "అన్నా, నాలుగు కోర్లదా, ఐ3దా, ఏది తీసుకోమంటావు?" ఈ వీడియో వారి కోసం.

ముందుగా వీటి పుట్టుక చూద్దాం. ఐ3-6006యూ 2016 చివర్లో వచ్చింది. అప్పటికి 7వ తరం ప్రాసెసర్లు బజారులోకి వచ్చేసినా, ఇంటెల్ 6వ తరం స్కైలేక్ నుంచే చవక ల్యాప్‌టాప్‌ల కోసం దీనిని తయారుచేసింది. అంతకుముందే ఉన్న ఐ3-6100యూ 2.3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచేది, దీనిని 2.0 వద్ద ఆపేశారు. రెండు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 3 ఎంబీ క్యాషే (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ), హెచ్‌డీ 520 గ్రాఫిక్స్, 15 వాట్ల టీడీపీ (వేడికి పెట్టిన కొలత) దీని లెక్క. టర్బో లేదు, అంటే పని ఎంత పెరిగినా 2.0 దాటదు. పెంటియమ్ ఎన్5000 ఆ మరుసటి ఏడాది, 2017 డిసెంబరులో జెమినీ లేక్ కుటుంబంలో వచ్చింది. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు, మామూలుగా 1.1 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు 2.7 వరకు, 4 ఎంబీ క్యాషే, యూహెచ్‌డీ 605 గ్రాఫిక్స్, 6 వాట్లు. రెండూ 14 నానోమీటర్ల పద్ధతిలో తయారైనవే.

క్యాషే, థ్రెడ్ అంటూ ఇంత పుస్తకం భాషలో మాట్లాడతావేమిటని నా మిత్రులు ఎగతాళి చేస్తుంటారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊళ్లో కూర్చుని ఇలా మాట్లాడడం తప్పే కావచ్చు కానీ, డబ్బు పెట్టి కొనే వస్తువు గురించి చెప్పేటప్పుడు వాక్యం పూర్తిగా, తేటగా ఉండాలని నా పట్టుదల.

ఇక అంకెలను మాత్రమే చూసి కొనేవారు మోసపోయేది ఇక్కడే. నాలుగు కోర్లు, 2.7 గిగాహెర్ట్జ్ అని ఒకవైపు, రెండు కోర్లు, 2.0 గిగాహెర్ట్జ్ అని మరొకవైపు రాసి ఉంటే, పెంటియమ్ రెండింతలు వేగంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. మనకు దగ్గరలోని పలాసలో జీడిపిక్కలు కొట్టే చోటును ఒకసారి ఊహించుకోండి. చేయి తిరిగిన ఇద్దరు పనివాళ్లు తలా రెండు బుట్టలు ముందు పెట్టుకుని, ఒక బుట్టలో పిక్కలు అయిపోయి మళ్లీ నింపేలోగా రెండో బుట్టలోవి అందుకుంటూ పనిచేస్తారు; పక్కనే నలుగురు కొత్తవాళ్లు తలా ఒక బుట్టతో కూర్చుని చేతులు మాత్రం వేగంగా ఆడిస్తుంటారు. సాయంత్రానికి రెండు కుప్పలూ ఇంచుమించు సమానంగానే ఉంటాయి. స్కైలేక్ కోరు వెడల్పైనది, ఒక్కో గడియార స్పందనలో ఎక్కువ ఆదేశాలను పూర్తిచేయగలదు. ఎన్5000లోని గోల్డ్‌మాంట్ ప్లస్ కోరు ఇంటెల్ చవక ప్రాసెసర్ల ఆటమ్ వంశానికి చెందినది, విద్యుత్తు పొదుపు కోసం సన్నగా గీసినది. కాబట్టి 2.7 అన్న పెద్ద అంకె, 2.0 అన్న చిన్న అంకె చివరికి ఒకే చోటికి చేరుకుంటాయి.

పేరులోని అక్షరాలు గుర్తుపెట్టుకుంటే ఈ సంగతి దుకాణంలోనే తెలిసిపోతుంది. అంకెకు ముందు ఎన్ ఉంటే ఆటమ్ వంశం. అంకెకు చివర యూ ఉంటే ఐ3, ఐ5లు పుట్టిన కోర్ వంశంలో తక్కువ విద్యుత్తుతో నడిచే రకం. పెంటియమ్ అన్న పాత గొప్ప పేరును మాత్రం రెండు వంశాలకూ పంచారు: సిల్వర్ అంటే ఆటమ్ వైపు, గోల్డ్ అంటే కోర్ వైపు. వెండికీ బంగారానికీ ఉన్న తేడా స్టిక్కరు మీద అంత చిన్నగా రాయడం నాకు నచ్చలేదు.

సమానమని చెప్పాను కానీ, అన్ని పనుల్లోనూ కాదు. ఒడియాలో ఉన్న పట్టా కాపీలు, తెలుగులో ఉన్న సర్టిఫికెట్లు కలిపి పెద్ద పీడీఎఫ్‌గా కుట్టేటప్పుడు, బ్రౌజరులో ఐదారు ట్యాబ్‌లు తెరిచి దరఖాస్తు నింపేటప్పుడు, ఐ3 మీద పేజీ కాస్త ముందుగా కదులుతుంది. పెంటియమ్ మొదటి నిమిషం హుషారుగానే ఉంటుంది. పని ఆగకుండా సాగితే వేడి పెరిగి, 6 వాట్ల హద్దు గుర్తొచ్చి వేగం తగ్గించుకుంటుంది. వేసవి మధ్యాహ్నం ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్నాను, చూడండి. ఇది పెంటియమ్ అడుగు మూత. లోపల ఫ్యాను లేదు, ప్రాసెసర్ మీద ఒక పలుచని లోహపు పలక మాత్రమే ఉంది. ఐ3లో ఫ్యాను ఉంది, దాని రెక్కల మధ్య జిరాక్సు కాగితాల నూగు పేరుకుని దారపు పోగులా బయటికి వచ్చింది. నిశ్శబ్దం కావాలా, నిలకడ కావాలా అన్నది ఈ రెండు బొమ్మల్లోనే ఉంది.

ఇంకొక తేడా చదువుకునేవారికి ముఖ్యం. ఐ3లో ఏవీఎక్స్, ఏవీఎక్స్2 అనే, ఒకేసారి అనేక లెక్కలు చేయించే ఆదేశాల సముదాయాలు ఉన్నాయి. ఎన్5000లో ఆ రెండూ లేవు. దరఖాస్తులకు, టైపింగుకు దానితో పనిలేదు. కానీ ఇంజినీరింగ్ చదివే ఒక అమ్మాయి ఈ కుడివైపు ల్యాప్‌టాప్ మీద పైథాన్‌లో టెన్సర్‌ఫ్లో అనే మెషిన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోబోతే, ప్రోగ్రాము మొదటి వరుసలోనే చతికిలబడింది. ఆ అమ్మాయి తన కోడులో తప్పుందని గంటసేపు వెతుక్కుంది. టెన్సర్‌ఫ్లో సిద్ధంగా ఇచ్చే ప్యాకేజీలకు 2018లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి ఏవీఎక్స్ తప్పనిసరి అయింది. అదే ఫైలు ఎడమవైపుదానిలో నెమ్మదిగానైనా నడిచింది.

వీడియోల విషయంలో మాత్రం పెంటియమ్‌దే పైచేయి. వీడియోను కుదించి పంపే రూపాలు కొన్ని ఉన్నాయి; వాటిలో యూట్యూబ్ ఎక్కువగా పంపే వీపీ9 రూపాన్ని ఎన్5000 గ్రాఫిక్స్ భాగం పూర్తిగా తానే విప్పుకుంటుంది, హెచ్‌ఈవీసీ అనే మరో రూపాన్ని 10 బిట్లలో కూడా. ఐ3కి 8 బిట్ల హెచ్‌ఈవీసీ వరకు ఇబ్బంది లేదు కానీ, వీపీ9కు పూర్తి హార్డ్‌వేర్ ఏర్పాటు లేదు. అందుకే పాఠాల వీడియో పెద్ద నాణ్యతలో పెట్టగానే ఫ్యాను లేచి గోల చేస్తుంది. కొత్త ఏవీ1 రూపానికి రెండింటిలోనూ హార్డ్‌వేర్ ఏర్పాటు లేదు.

విద్యుత్తు సంగతి ఈ ప్రాంతంలో అన్నిటికంటే ముందు అడగవలసినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కరెంటు ఎలా పోయిందో చూసినవారికి బ్యాటరీ ప్రశ్న వినోదం కోసం వేసేది కాదు. అయితే 15 వాట్లకు 6 వాట్లు అనగానే బ్యాటరీ రెండున్నర రెట్లు వస్తుందని లెక్కకట్టకండి. టీడీపీ అన్నది ప్రాసెసర్ బాగా పనిచేస్తున్నప్పుడు బయటికి పంపవలసిన వేడికి పెట్టిన కొలత. మీరు అక్షరాలు టైపు చేస్తూ కూర్చున్నంతసేపు రెండూ ఆ హద్దుకు చాలా దిగువనే ఉంటాయి, అప్పుడు తెర వెలుగే ఎక్కువ మింగుతుంది. పని ఒత్తిడి ఉన్నప్పుడు మాత్రం పెంటియమ్ పొదుపు నిజమైనదే. ఇన్వర్టరు మీద జిరాక్సు యంత్రం ఆపేసి ల్యాప్‌టాప్ ఒక్కటే నడుపుకునే సాయంత్రాల్లో నేను కుడివైపుదానినే తెరుస్తాను.

మెమరీ గురించి క్లుప్తంగా: ఎన్5000కు ఇంటెల్ చెప్పిన గరిష్ఠం 8 జీబీ, ఐ3కి 32 జీబీ. మనం కొనే యంత్రాల్లో సాధారణంగా ఉండేది 4 జీబీయే కాబట్టి, అదనపు స్లాటు ఉందో, మెమరీని బోర్డుకే అతికించేశారో మూత తీయించి చూడండి. నిల్వ విషయంలో నేను మోసపోయాను. ఈ ఐ3ని ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) ఉందని చెప్పి ఒక నగరంలోని పాత సామాన్ల దుకాణంవారు అమ్మారు; ఇంటికి తెచ్చి విప్పితే తిరిగే పాత హార్డ్‌డిస్కే ఉంది. కొనేచోటే టాస్క్ మేనేజరు తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్కు పక్కన ఏమి రాసి ఉందో చదవండి, ఒక నిమిషం పని. నిజానికి ఎస్ఎస్‌డీ వేసిన పెంటియమ్ ముందు హార్డ్‌డిస్కుతో ఉన్న ఐ3 నిలవలేదు. ఈ రెండు ప్రాసెసర్ల మధ్య ఉన్న తేడా కంటే ఆ రెండు డిస్కుల మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. మరీ చవక పెంటియమ్ యంత్రాల్లో 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ అనే నెమ్మది నిల్వ అతికించి ఉంటుంది. వాటి జోలికి వెళ్లవద్దు.

ఇంతవరకు వింటే నేను ఐ3 పక్షాన ఉన్నానని మీకు అర్థమై ఉంటుంది. చిక్కు విండోస్ దగ్గర ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరిన ఇళ్లవారికి 2026 అక్టోబరు 13 వరకు గడువు. విండోస్ 11కు అనుమతించిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితాలో కోర్ వంశం దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతుంది. 6వ తరం ఐ3-6006యూ అందులో లేదు. పెంటియమ్ సిల్వర్ ఎన్5000 ఉంది! వేగంలో ఒక అడుగు వెనుకబడినదాన్ని లోపలికి రానిచ్చి, ముందున్నదాన్ని గుమ్మం బయట నిలబెట్టారు. పెంటియమ్‌లో విండోస్ 11 వేశాను. నడుస్తుంది కానీ, అప్‌డేట్ దిగుతున్నంతసేపు మీరు టీ తాగి రావచ్చు. ఐ3లో కూడా జాబితాను తప్పించుకుని వేసే ఉపాయాలు ఉన్నాయి. అలా వేసిన యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు కాబట్టి, ఇతరుల ఆధార్ వివరాలు వెళ్లే యంత్రం మీద నేను ఆ సాహసం చేయను.

అందువల్ల నా తీర్పు ఇలా ఉంది. మీరు విద్యార్థులై, విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్ నేర్చుకోవడానికి జంకకపోతే, రెండూ ఒకే ధరకు దొరికినప్పుడు ఐ3నే తీసుకోండి, అందులో ఎస్ఎస్‌డీ వేయించండి. విండోస్ తప్ప గత్యంతరం లేని దుకాణం పనికి, కరెంటు నమ్మకం లేని ఊళ్లో కూర్చుని చేసే పనికి, ఎస్ఎస్‌డీ, 8 జీబీ ఉన్న ఎన్5000 తీసుకోండి. 8వ తరం యూ ప్రాసెసరు కొంచెం ఎక్కువ ధరకు దొరుకుతుంటే, ఈ రెండింటినీ వదిలి దానికోసం రెండు నెలలు ఆగండి. ఐ5-8250యూలో అదే 15 వాట్లలో నాలుగు నిజమైన కోర్లు, ఎనిమిది థ్రెడ్లు వస్తాయి, విండోస్ 11 అనుమతీ ఉంది.

మా దుకాణం సంగతి అడిగితే, నా దగ్గరున్న వేలిముద్ర పరికరానికి సాఫ్ట్‌వేర్ విండోస్‌కు మాత్రమే ఇచ్చారు. కాబట్టి దుకాణంలో పెంటియమ్‌నే ఉంచుకుని, ఎడమవైపు ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 వేసి, తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ చేర్చి, డిగ్రీలో చేరిన మా మేనకోడలికి ఇచ్చేస్తున్నాను. ఆ మింట్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి, తన చదువు అంతలో అయిపోతుంది. ఫ్యానులోని నూగు మాత్రం ఇచ్చేముందు నేనే తీయాలి. ఇప్పుడు వేలిముద్ర పరికరం తీగను ఇటు నుంచి తీసి, పెంటియమ్‌కు తగిలిస్తున్నాను. బయట ముగ్గురు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు, కెమెరా కట్టేస్తాను.